గురువారం అంటే గురువారమే

అమెరికాలోని మిల్వాకీలో బ్రష్షులు తయారుచేసే వెండెలిన్ ఓక్స్‌నర్ సరుకు కోసం రాసే ఉత్తరం ఏనాడూ నాలుగు లైన్లు దాటేది కాదు. "నల్ల పంది వెంట్రుకలు నలభై కట్టలు గురువారానికి పంపగలరు." కింద సంతకం, అంతే. అమెరికా జర్మనీ మీద యుద్ధానికి దిగాక ఆయనకు బెంగ పట్టుకుంది. తాను పుట్టింది జర్మనీలో. తన ఉత్తరాలు ఎవరో విప్పి చదివి, ఇదేదో రహస్య భాష అనుకుంటే?

దాంతో వివరణలు మొదలయ్యాయి. "నల్ల అన్నది వెంట్రుకల రంగు మాత్రమే. పంది అంటే పందే, ఏ అధికారినీ ఉద్దేశించి అన్నది కాదు. గురువారం అంటే బుధవారం మర్నాడు వచ్చేది."

టైపు కొడుతున్న భార్య ఒటీలియా వేళ్లు విరుచుకుంది. "ఏమండీ, ఇంత చెబితే లేని అనుమానం పుడుతుంది."

"నీకు తెలీదు, కొట్టు!"

నెల తిరక్కుండా తపాలా అధికారి ఒకాయన ఆ ఉత్తరం పట్టుకుని రానే వచ్చాడు.

"పెద్దాయనా, పంది వెంట్రుకలతో మాకేం పేచీ లేదు. గురువారం గురించి అరపేజీ చదివాకే మావాళ్లకు అనుమానమొచ్చింది. మునుపటిలా నాలుగు లైన్లు రాసి మమ్మల్ని బతకనివ్వండి!"

ఆయన అటు వెళ్లగానే ఒటీలియా హమ్మయ్య అనుకుని టైపు మిషను మీద మూత వేయబోయింది.

"ఆగాగు," అన్నాడు వెండెలిన్. "ఉత్తరాలు ఉన్నట్టుండి చిన్నవైపోతే అనుమానపడరూ? ఎందుకు తగ్గాయో ముందే వివరంగా రాసి పంపాలి. ఓ ఆరు కాగితాలు తియ్యి."