బట్టీలో వండిన పెండ్లి భోజనం

మా ఊరి ఇటుకల ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి ఎనిమిదేళ్లయింది. తలుపులు, ఇనుము ఎవరికి దొరికింది వాళ్లు ఎత్తుకుపోయారు. మిగిలింది పెద్ద బట్టీ, దాని మధ్య పొగగొట్టం. అందులో ఇరవై ఏళ్లు మేస్త్రీగా మంట చూసిన మా నాయన అటు పోయినప్పుడల్లా గోడను ఆవు వీపు తట్టినట్టు తట్టి వచ్చేవాడు. మాకేమో నవ్వు.

కార్తీకంలో అక్క పెండ్లి. ఆ రోజు తెల్లవారకముందే వాన అందుకుంది. వంటకు తవ్విన గాడిపొయ్యిల్లో మోకాలిలోతు నీళ్లు. పది గంటలకు బంగారుపాళ్యం నుంచి మగపెండ్లివాళ్లు రెండు బస్సుల్లో దిగుతారు. వాళ్లకు అన్నం పెట్టలేకపోతే తలెత్తుకునేదెట్లా అని అమ్మ ఏడుపు.

“బట్టీ ఉండాది గదా!” అన్నాడు నాయన.

“ఇటుకలు కాల్సే సోట అన్నం వండేదాప్పా?” అన్నాడు వంటాయన. అయినా వేరే దారి లేదు. బట్టీ కమాను గదుల్లో వాన చుక్క పడదు. పొయ్యిలు ముట్టించగానే పొగ కమ్మేసి, అందరం దగ్గుతూ బయటపడ్డాం. నాయన ఒక్కడే నవ్వుతున్నాడు.

“గొట్టం సల్లబడిపోయిండాది. ముందు దాన్ని ఎచ్చబెట్టాల.”

పొగగొట్టం అడుగున ఎండుగడ్డి మోపు కాల్చాడు. కాసేపటికి గదుల్లోని పొగంతా గోడ కన్నాల్లోకి దారి పట్టింది. గొట్టం కొసన పొగ లేవడం చూసి నాకు కేకలు వేయాలనిపించింది, వేశాను కూడా.

అన్నం, సాంబారు, పూర్ణం పెట్టిన ఓళిగలు అన్నీ అయ్యాయి. తీరా చూస్తే బండిదారి బురదలో మునిగిపోయింది, గుండిగలు ఇంటికి చేరేదెట్లా? అంతలో తలమీద గోతాలు కప్పుకుని, చేతుల్లో సద్ది కేరియర్లతో పదిహేనుమంది వచ్చారు. పాత కూలీలు. పొగ చూసి పరుగెత్తుకొచ్చారట.

“మేస్త్రీ, ఫ్యాక్టరీ మళ్లా తీసినారా?” అంది ఒక ముసలమ్మ.

నాయన మొహం ఒక్క క్షణం వాడిపోయింది.

“లేదమ్మా, నా బిడ్డ పెండ్లి. కొంచెం సెయ్యెయ్యండి.”

ఒకప్పుడు ఇటుకలు అందించినట్టే వరసగా నిలబడి, చేతులు మార్చుకుంటూ ఆ బురదలో గుండిగలన్నీ పందిట్లోకి చేర్చేశారు. ఒక్క మెతుకు రాలలేదు. మగపెండ్లివాళ్ల వరసలోనే వాళ్లకూ ఆకులు వేయించాడు నాయన.

ముసలమ్మ ఓళిగ నములుతూ అడిగింది. “మళ్లా ఎప్పుడు ముట్టిస్తావప్పా?”

“సిన్నది ఉండాది గదా,” అని నాయన నన్ను చూపించాడు.

నేనప్పుడు ఏడో తరగతి. పందిరంతా నా వైపు తిరిగి నవ్వింది, నాయన అందరికంటే గట్టిగా.