దూకమంటే దూకని పద్మమ్మ

2023 ఎండాకాలం. ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు. కింద బట్టల దుకాణాలు, పైన వకీళ్ళు, పళ్ళ డాక్టర్లు. లిఫ్టుల మరమ్మతు నా పని. నాంపల్లి, ఆబిడ్స్ చుట్టుపక్కల ఎక్కడ లిఫ్టు ఆగినా తిట్లు తినేది నేనే. ఆ కాంప్లెక్సు లిఫ్టు ఎప్పుడో రిటైర్ కావలసింది. ఓనర్లకు దాని మీద జాలి లేదు.

లిఫ్టు ఆగితే జనం ముందు ఊపిరాడదని భయపడతారు. గాలి బాగానే వస్తుంది. అసలు ప్రమాదం బయటపడాలనే తొందరలో ఉంటుంది. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆ రోజు వాచ్‌మన్ యాదగిరి ఫోన్ చేశాడు. "సార్, ఒకామె ఇర్కింది. కరెంటు వచ్చినా లిఫ్టు కదుల్తలేదు. జల్ది రాండ్రి."

"నేను వచ్చేదాకా తలుపు ముట్టుకోకు."

"ఔ సార్" అన్నాడు.

నాలుగో అంతస్తుకు ఎక్కేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. నలుగురు ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారు. ఒక కుర్రాడు సరిగ్గా అంచున నిలబడి రెండు చేతులూ చాపి అరుస్తున్నాడు. "దూకు అమ్మా! నాలుగడుగులే గద! నేను పట్టుకుంట!"

లిఫ్టు అంతస్తుకు నాలుగడుగుల పైన ఆగింది. అంటే తలుపులో పై సగంలో లిఫ్టు, కింది సగంలో ఖాళీ. ఆ ఖాళీ వెనక నేరుగా పునాది దాకా గొయ్యి. దాన్ని మేము పిట్ అంటాం. పైనుంచి జారే మనిషి ముందుకు పడడు, కాళ్ళు లోపలికి ఊగి లిఫ్టు కిందికి పోతాడు. అలా పోకుండా లిఫ్టు కింద ఏప్రాన్ అని ఒక రేకు వేలాడాలి. ఈ పాత లిఫ్టుకు అది లేదు.

"నోళ్ళు మూయండి! ఎవరూ కదలొద్దు!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కుర్రాడి చొక్కా పట్టి వెనక్కి లాగాను. "ఏందన్నా?" అని మీదికొచ్చాడు. టార్చి వెలుతురు ఆ ఖాళీలోకి కొట్టి చూపించాను. వాడు వంగి చూసి, గోడకు ఆనుకుని అలాగే కూలబడ్డాడు.

లోపల ఒకావిడ బాసింపట్టు వేసుకుని తాపీగా కూర్చుంది. ఒక కాలికి చెప్పు లేదు.

"అమ్మా, దూకకండి."

"నేనెందుకు దూకుత నాయనా? గిప్పటిదాంక గదే చెప్తున్న."

తలుపు మూసి, మీద మెషిన్ రూముకు పరిగెత్తి, మెయిన్ స్విచ్ ఆపేశాను. బ్రేకు కొద్దికొద్దిగా వదులుతూ చక్రాన్ని చేత్తో తిప్పి లిఫ్టును అంతస్తుకు సమంగా దించాను. దీన్ని హ్యాండ్ వైండింగ్ అంటారు. ఇరవై ఏళ్ళ అలవాటు. కిందికొచ్చి తలుపు తీస్తే ఆవిడ నడిచి బయటికొచ్చింది.

ఆవిడ పేరు పద్మమ్మ. కోఠిలో దారాల దుకాణం నడుపుతుంది. కొడుకు బండి పార్క్ చేసేలోపు పళ్ళ డాక్టరు దగ్గరికని లిఫ్టు ఎక్కింది. యాదగిరి చేత తలుపు తీయించింది, అంచున నిలబడి దూకమని అరిచింది ఆ కొడుకే. అందరూ అంతలా అరుస్తుంటే ఎలా ఆగారమ్మా అని అడిగాను.

"దూకుదామనే కాలు కిందికి వేలాడేసిన. చెప్పు జారింది. ఫర్శి బండ మీద పడితే టప్పుమంటది గద, ఎంతకీ సప్పుడు రాలే. ఆఖరికి యాడనో పాతాళంల వచ్చింది. కాలు గుంజుకున్న. దారం చిక్కు పడితే గుంజొద్దని గిరాకీలకు రోజూ చెప్త. గుంజితే ముడి బిగుస్తది. ఊకె కూసోని చూస్తే కొస దొరుకుతది. గట్లనే కూసున్న. లోపల గాలున్నది, లైటున్నది. తొందర బయటోళ్ళకు, నాకేం తొందర?"

చప్పుడు ఎంత ఆలస్యమైతే గొయ్యి అంత లోతు. ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యే లెక్క. బయట ఉన్నవాళ్ళందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వాటిలో ప్రపంచమంతా ఉంది. ఒక్కడూ కిందికి వంగి చూడలేదు.

కొడుకు మెల్లగా లేచాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "చెప్పొచ్చు గదమ్మా, కింద ఖాళీ ఉందని?"

"చెప్పిన బిడ్డా. జర ఆగుండ్రి, చూడుండ్రి అని మొత్తుకున్న. నువ్వు దూకు దూకుమని ఒర్లుతనే ఉన్నవ్. నీ లొల్లిల నా మాట నీకు ఇనబడలే."

వాడు తల్లి రెండు చేతులూ పట్టుకుని అందరి ముందూ ఏడ్చాడు. వీడియోలు తీసినవాళ్ళు ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు.

ఇప్పుడు ఏ లిఫ్టు దగ్గరికి పిలిచినా ముందు చుట్టూ ఉన్నవాళ్ళ నోళ్ళు మూయిస్తాను. తర్వాత లోపలున్న మనిషిని అడుగుతాను, అక్కడ ఏం కనిపిస్తోంది, ఏం వినిపిస్తోంది అని. వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా పనిముట్టు ముట్టను. "ఇంతసేపా?" అని ఓనర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ కుర్రాడు ఎవరో పరాయివాడు కాదు, తల్లి మీద ప్రాణం పెట్టుకున్న కొడుకు. ఆ ప్రేమతోనే ఆమెను గోతిలోకి పిలిచాడు.