ఐదింట రెండు ఎలా వచ్చిందని అడిగిన మనిషి

మా సార్ పోయారని మొన్న మంగళవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. సిడ్నీ శివారు ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా ఇంటి ముందు, బడికి బయల్దేరబోతూ ఆ మాట విన్నాను. అయినా బడికే వెళ్లాను. తన కోసం పాఠం మానేస్తే ఆయన ఒప్పుకునే మనిషి కాదు.

ఆయన రుమేనియా నుంచి సిడ్నీ వచ్చి స్థిరపడిన గణిత శాస్త్రవేత్త. యూనివర్సిటీలో, లెక్కల టీచర్లు కాబోయే మాకు పాఠం చెప్పేవారు. అందరూ ఆయన్ను పేరు పెట్టి పిలిచేవారు. నాకు నోరు రాలేదు, "సార్" అనే అన్నాను. "ఆ మాటకు మీ భాషలో అర్థమేమిటి?" అని అడిగారోసారి. "అది మీ ఇంగ్లీషే సార్" అన్నాను. "నాది కాదమ్మా, నేనూ నీలాగే నేర్చుకున్నాను" అని నవ్వారు.

మేం వచ్చింది వై2కె రోజుల్లో. మా ఆయనది కంప్యూటర్లలో తేదీలు సరిచేసే కాంట్రాక్టు. నంద్యాలలో ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పిన నేను ఇక్కడ టీచరు కావాలంటే మళ్లీ చదవాల్సి వచ్చింది. రెండువేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లేవీ కూలిపోలేదు. మా ఆయన ఉద్యోగం మాత్రం పోయింది. "నీ ప్లేస్‌మెంట్ క్లియర్ అయితే చాలు, ఎనక్కి పోయే పనుండదు" అనేవాడు ఆయన రోజూ.

ఆ ప్లేస్‌మెంట్ అంటే ఓ బడిలో కొన్ని వారాలు పాఠం చెప్పి మెప్పించడం. సార్ చివరి బెంచీలో కూర్చుని చూస్తున్నారు. సగమూ, మూడోవంతూ కూడమన్నాను. ఓ అమ్మాయి ఐదింట రెండు అని రాసింది. నేను టక్కున కొట్టేసి సరైన జవాబు రాశాను. సార్ లేచొచ్చి ఆ పిల్ల పక్కన కుర్చీ వేసుకున్నారు.

"ఐదింట రెండు ఎలా వచ్చింది?"

"పోయిన వారం మా నెట్‌బాల్ టీమ్ రెండు మ్యాచ్‌లాడి ఒకటి గెలిచింది. ఈ వారం మూడాడి ఒకటి గెలిచాం. మొత్తం ఐదింట్లో రెండు. కాదా?"

"అవును, గెలిచారు" అన్నారాయన గంభీరంగా.

బయటికొచ్చాక నాతో అన్నారు: "ఆ పిల్ల తప్పు చెప్పలేదు, వేరే ప్రశ్నకు జవాబు చెప్పింది. అదేమిటో కనుక్కోవడమే మన ఉద్యోగం."

ఆయన నన్ను పాస్ చేయలేదు. ఇంకో టర్మ్ చెప్పమన్నారు. ఇంటికెళ్లి ఏడ్చాను. కానీ ఆ టర్మంతా ప్రతి గురువారం రెండు రైళ్లు మారి, నా క్లాసుకు వచ్చి కూర్చున్నది ఆయనే. చివరి గురువారం సంతకం పెట్టి, "ఇప్పుడు నువ్వు వింటున్నావు" అన్నారు. అంతకు మించిన మెప్పు ఆయన దగ్గర నేనెప్పుడూ పొందలేదు.

ఆయన కథ చాలా ఆలస్యంగా తెలిసింది. వయసులో ఉన్నప్పుడు తన దేశంలో పిల్లల కోసం ఓ లెక్కల పుస్తకం రాశారట. ప్రతి పాఠం చివర "ఎందుకు?" అన్న ప్రశ్న ఉండేదట. పిల్లలకు అది అలవాటవడం పైవాళ్లకు నచ్చలేదు. పుస్తకాన్ని బళ్ల నుంచి తీసేశారు, ఆయన్ను క్లాసుల నుంచి తప్పించారు. ఇక్కడికొచ్చాక కూడా, జవాబుకే కాదు, ఆలోచనకూ మార్కులివ్వాలని కమిటీల్లో ఏళ్ల తరబడి వాదించారు. ఎన్నోసార్లు ఓడిపోయారు. "జవాబు చివర ఉంటుంది, లెక్క మధ్యలో ఉంటుంది" అనేవారు. ఈ రోజు మా బడిలో పేపర్లు దిద్దేటప్పుడు ఆ మధ్యలోనిదానికీ మార్కులు వేస్తున్నాం.

శుక్రవారం ఆయన కోసం చర్చిలో ప్రార్థన అయ్యాక, వాళ్ల ఆచారం ప్రకారం ఉడికించిన గోధుమల్లో చక్కెర, అక్రోట్ పలుకులు కలిపి చిన్న కప్పుల్లో పంచారు. కార్లు నిలిపేచోట నిలబడి తింటున్నాం. నాకు తెలియని ఇద్దరు టీచర్లు ఏదో త్రిభుజం గురించి వాదులాడుకుంటూ, ఓ తెల్లకారు వెనకద్దం మీది దుమ్ములో వేలితో గీతలు గీస్తున్నారు. కారు యజమానురాలు తాళాలు పట్టుకుని పక్కనే ఓపిగ్గా నిలబడింది. వాళ్లు పక్కకు తప్పుకున్నాక, ఆ అద్దం తుడవకుండానే బండి తీసింది. త్రిభుజం మెల్లగా గేటు దాటి, రోడ్డెక్కి, మిగతా కార్లలో కలిసిపోయింది.