బంతి లేని ఆట

ఖాజాగూడ బండల పక్కన ఆఫీసు కుర్రవాళ్లందరూ ఒకే బంతి వెనుక గుంపుగా పరుగెత్తడం నిన్న సాయంత్రం చూశాను. ఆటలో క్రమం ఎలా నేర్పేవారో చూసినవాణ్ణి కనుక, దానిని రాసి ఉంచడం నా విధి అనిపించింది.

నలభైల దశకం చివర, సంస్థానపు నాణెం హాలీ సిక్కా ఇంకా చెల్లుతున్న రోజులవి. అదే బండల మధ్య, మేమంతా ఉస్తాద్ అని పిలిచే ఒక శిక్షకుడు మా ఊరి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పి, బాగా ఆడినవారిని పట్నం జట్టుకు తీసుకుపోయేవారు. మా అన్న నర్సింహకు అంతకు మించిన కోరిక లేదు.

ఒకనాడు వాళ్లు బంతి లేకుండానే ఆడుతున్నారు. లేని బంతిని తన్నుతున్నారు, అందుకుంటున్నారు. బంతి పోయిందనుకుని వెతికాను. అది ఉస్తాద్ సంచిలో దొరికింది. సంతోషంతో మైదానంలోకి విసిరాను. అందరూ దాని మీదికి దూకారు. అన్న ఒక్కడే కదలలేదు.

“నువ్వెందుకు ఉరకలేదురా?” అన్నారు ఉస్తాద్.

“నేను పోతే ఈ జాగ ఖాళీ అయితది, ఉస్తాద్.”

“ఇగ నీకు ఈడ పని లేదు. బట్టలు సదురుకో.”

నేను ఏడుస్తూ ఆయన కాళ్లకు చుట్టుకున్నాను. “మా అన్నను ఎల్లగొట్టకుండ్రి! బాల్ నేనే ఏసిన!”

“అరే పాగల్, ఎల్లగొడ్తలేను. పట్నం తీస్కపోతున్న,” అని ఆయన నవ్వారు.

అయినా నాకు అర్థం కాలేదు. బంతి ముట్టనివాడు గెలవడమేమిటి? ఎవరి చోటు వారికి తెలియడానికే బంతిని దాచారని, అన్న జీతం తీసుకునే ఆటగాడైన ఎన్నో ఏళ్లకు గ్రహించాను.

ఆనాడు అన్న విడువని చోటు ఇప్పుడు ఏ అద్దాల భవనం కిందికి పోయిందో నిశ్చయంగా చెప్పలేను. నేను రాసినదాంట్లో తప్పుంటే, తెలిసినవారు దయచేసి సరిదిద్దగలరు.