ఆయన నిద్రపోతున్న ఫోటోలు

మూడేళ్లు నిండేదాకా మా పాపకు వాళ్ల నాన్న ముఖం కంటే వీపే ఎక్కువ తెలుసు. నాచారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఆయనకు రసాయనాలు కలిపే రియాక్టర్ల దగ్గర పని. షిఫ్టులు పేరుకు వారం వారం మారాలి. మనుషులు తక్కువ కాబట్టి నెలలో ఎక్కువ భాగం నైటే పడేది. పొద్దున ఏడు దాటాక కంపెనీ బస్సు ఉప్పల్‌లో దింపేది. ఇంటికి వచ్చి స్నానం చేసి, ఇంత తిని, కిటికీకి దుప్పటి కట్టిన గదిలో గోడవైపు తిరిగి పడుకునేవాడు. లేచేసరికి మళ్లీ బయలుదేరే వేళయ్యేది. పాప లేపుతుందని నేను ఆ గది తలుపు దగ్గరికి వేసి ఉంచేదాన్ని. పాప తలుపు సందులోంచి చూసి, ఆ కనిపించిన వీపుకే టాటా చెప్పి ఆడుకోవడానికి పోయేది.

కెమెరా మా తమ్ముడు ఇచ్చింది. అరచేతిలో పట్టేంత డిజిటల్ కెమెరా. మొదట్లో అందరిలాగే పుట్టినరోజులకూ కొత్త గౌన్లకూ తీశాను. తర్వాత మామూలు రోజులు తీయడం మొదలుపెట్టాను. నల్లా దగ్గర పళ్లు తోముకుంటూ నురగ మింగేసిన ముఖం. అత్తమ్మ గోంగూర తెంపుతుంటే ఆ కాడలతో పాప కట్టిన ఇల్లు. మంచినీళ్ల కోసం వరసలో పెట్టిన బిందెల మధ్య, తనూ ఒక బిందె అయినట్టు కూర్చోవడం. బాగున్నది ఏదైనా చేతిలోంచి జారిపోతుందన్న భయం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పాప పుట్టాక అది పెరిగింది. ఫోటో తీసిన రోజును మాత్రం ఎవరూ తీసుకుపోలేరని అనిపించేది.

అలా తీసినవి ఒకరోజు వరసగా చూస్తుంటే, వాటిలో ఎక్కడా ఆయన లేడు. మా ఇంట్లో ఆయన ఎట్లా ఉంటాడో అట్లాగే తీద్దామనుకున్నాను. గదిలోకి చప్పుడు కాకుండా వెళ్లి, కిటికీకి కట్టిన దుప్పటి అంచు కొంచెం పక్కకు జరిపి, ఆ వెలుతురులో నిద్రపోతున్న మనిషిని తీశాను. పైకి చుట్టుకుపోయిన బనీను, కళ్ల మీద అడ్డంగా వేసుకున్న మోచెయ్యి. రాత్రంతా గ్లవ్స్‌లో నాని, ముడుతలు పడి తెల్లబడిన వేళ్లు. ఆ వేళ్లను నేను దగ్గరగా చాలాసార్లు తీశాను.

ఈ ఫోటోలు నాకంటే పాపకు ఎక్కువ పనికొచ్చాయి. సాయంత్రం ఆయన డ్యూటీకి వెళ్లాక కెమెరా అడిగేది. బటన్ నొక్కుకుంటూ వెళ్లి, ఆయన కనిపించిన చోట ఆపి, దాన్ని దిండు మీద తన పక్కన పెట్టుకునేది. "డాడీ పండుకుండు," అని, తనూ కళ్లు మూసుకునేది. కాసేపటికి తెర దానంతటదే ఆరిపోయేది. అప్పటికి పాప కూడా నిద్రపోయేది.

జనగామ దగ్గరి ఊరి నుంచి వచ్చి మాతోనే ఉంటున్న అత్తమ్మకు ఫోటోలంటే అయిష్టమేం లేదు. నేను కెమెరా తీస్తే తల సర్దుకునేది. కానీ ఒక సాయంత్రం పాప దిండు మీదికి వంగి చూసి ఆగిపోయింది.

"ఇవేంది? పండుకున్న మనిషిని తీసినవా?"

"పాప చూస్తదని తీసిన అత్తమ్మా."

"లేచినంక తియ్యరాదు?"

"లేచినంక ఇంట్ల ఎంతసేపు ఉంటడు?"

"గట్లని పండవెట్టి తీస్తరా? పండవెట్టి ఎవలను తీస్తరో ఎర్కలేదా నీకు? డిగ్రీ సదివినవు." అంతకంటే విప్పి చెప్పడం ఆమెకు ఇష్టం లేదు. వాళ్ల ఊరికి ఫోటోగ్రాఫర్‌ను పిలిపించేది పెళ్లికి, లేకపోతే పోయిన మనిషిని ఎత్తేముందు. "తీసెయ్యి బిడ్డా వాటిని," అంది, ఈసారి మెల్లగా.

సరేనన్నాను. తీసెయ్యలేదు.

పాప పుట్టినరోజు దగ్గరపడుతుంటే ఒక ఆల్బం చేద్దామని ఉప్పల్ రింగురోడ్డు దగ్గరి స్టూడియోకు వెళ్లాను. స్టూడియో ఆయన పెద్దవాడు, నెమ్మదస్తుడు. కెమెరాలోని ఫోటోలన్నీ కంప్యూటర్‌లో వేసి, కడగాల్సినవి నన్ను చెప్పమన్నాడు. పాపవి వచ్చినప్పుడు నవ్వుతూ చూశాడు. ఆయనవి వచ్చాక నవ్వు ఆగింది. ఒకటి, దాని తర్వాత ఇంకొకటి. గొంతు తగ్గించి అడిగాడు.

"ఎప్పుడయిందమ్మా?"

"ఏది?"

నేను చెప్పలేకపోతున్నాననుకున్నాడు కాబోలు. "ఎన్లార్జ్‌కు గిది మంచిగుంటది. ముఖానికి చెయ్యి అడ్డం రాలే. సారుది ఇంకో ఫోటో ఏదన్న ఉంటే తెచ్చియ్యుండ్రి, దాంట్లకెళ్లి కండ్లు తీసి దీనికి పెడ్తం. కండ్లు తెరిచినట్టే ఉంటది. ఎవ్వరికి తెల్వది. ఎన్కాల నీలం రంగు పెడ్తం, దండ ఏసెటందుకు మంచిగుంటది."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. "ఆయన ఇంట్లో పడుకొని ఉన్నారు," అన్నాను. "నైట్ డ్యూటీ."

స్టూడియో ఆయన మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశాడు. "తప్పైంది మేడం. మా దగ్గరికి గిట్ల పండుకున్నయి వచ్చేటియి అవ్వే. వేరేయి రావు." తెర వైపు చూడకుండా, "ఇవి కడగాల్నా మరి?" అన్నాడు.

"వద్దండీ. పాపవి చాలు."

నేను లేస్తుంటే మళ్లీ పిలిచాడు. "మేడం, సారుకు చెప్పకుండ్రి. నేను ఆయన్ను నీలం గోడ మీదికి ఎక్కిచ్చిన అని."

నవ్వు రాలేదు. ఇంటికి వచ్చి చెప్పులతోనే ఆ గది తలుపు దగ్గర నిలబడ్డాను. బనీను లేచి, దిగి, మళ్లీ లేచేదాకా చూసి వంటింట్లోకి వెళ్లాను.

ఆ తర్వాత నేను అలాంటి ఫోటో తీయలేదు. ఉన్నవి చూసినప్పుడల్లా, ఆ ముఖానికి ఎవరో కళ్లు అతికిస్తున్నట్టు అనిపించేది. అంతకుముందు నాకున్న భయం వేరు. నేను కెమిస్ట్రీ చదివాను. ఆయన రోజూ డ్రమ్ముల్లోంచి రియాక్టర్‌లోకి ఎక్కించే సాల్వెంట్ల పేర్లు నాకు పుస్తకాల్లోంచి తెలుసు. ఏది ఎంత తొందరగా అంటుకుంటుందో తెలుసు. నిప్పురవ్వ పుట్టకుండా డ్రమ్ములకు ఎర్తింగ్ పెడుతున్నారా అని నేను అడిగితే ఆయన, "నువ్వేమన్న సేఫ్టీ ఆఫీసరువా ఏంది? జర పండుకోనియ్యి," అనేవాడు. చదువుతో వచ్చిన ఆ భయమూ, స్టూడియోలో అంటుకున్న ఈ భయమూ మెల్లమెల్లగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అత్తమ్మ చెప్పింది తప్పు అని నేను ఇక నాకు నేను చెప్పుకోలేకపోయాను.

అవి తెలంగాణ కోసం బంద్‌లు నడుస్తున్న రోజులు. అలాంటి ఒక బంద్ రోజున ఏడు దాటింది, ఎనిమిది దాటింది, ఆయన రాలేదు. బస్సులు లేవు కదా, నడిచి వస్తున్నాడేమో అనుకున్నాం. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, గేటు దగ్గరి లాకర్‌లో పెట్టాలి. ఫోన్ ఇంకా లాకర్‌లో ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడు.

అత్తమ్మా నేనూ మేడ మీదికి వెళ్లి చూస్తే నాచారం వైపు నల్లటి పొగ లేస్తోంది. కింది పోర్షన్‌లో ఉండే గుంటూరు ఆంటీ మెట్లెక్కి వచ్చింది.

"నాచారంలో ఏదో కంపెనీ అంటుకుందటమ్మా. మా వారికి ఎవరో ఫోన్‌లో చెప్పారు. మీ ఆయన వచ్చేశారుగా?"

"ఏ కంపెనీ?" అత్తమ్మ పిట్టగోడ పట్టుకుంది. "ఏ కంపెనీ అన్నరు?"

"అది తెలీదండీ పిన్నిగారూ. ఏదో కంపెనీ అన్నారంతే."

అత్తమ్మ కిందికి వచ్చి గడపలో కూర్చుంది. పాపను ఒళ్లో పెట్టుకుంది. నా వైపు ఒక్కసారి చూసింది. ఫోటోల ఊసు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఎదురు మాట్లాడేదాన్నేమో. ఆమె ఏమీ అనకపోవడంతో నాకు ఆసరాగా పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. వంటింట్లోకి వెళ్లి, పోపుల డబ్బాల వెనక పెట్టిన కెమెరా తీశాను.

అన్నీ ఒకేసారి తీసేయడానికి వీలుంది. అలా చేస్తే పాపవి కూడా పోతాయి. అందుకని ఒక్కొక్కటే తెరిచి, చూసి, తీసేయాలి. తీసేయనా అని కెమెరా ప్రతిసారీ అడిగేది. అవునని నొక్కాలి. మోచెయ్యి అడ్డం పెట్టుకున్నది పోయింది. వాన పడ్డ రోజు పాప బొంత కప్పుకొని పడుకున్నది పోయింది, పాదాలు రెండూ బయటికే ఉన్నాయి అందులో. నోరు తెరుచుకొని పడుకున్నది పోయింది. తెల్లబడిన వేళ్ల దగ్గర ఆగాను. వాటిలో ముఖం లేదు కదా, ఉంచొచ్చా అని ఆలోచించాను. అలా ఆలోచించినందుకే భయమేసి అవి కూడా తీసేశాను. ఇవి పోతే ఆయన వస్తాడు. నేను చదివిన ఏ శాస్త్రంలోనూ లేని లెక్క అది. నొక్కుతున్నంతసేపూ దాన్ని నమ్మాను.

పదకొండు గంటలప్పుడు ఆయన వచ్చాడు. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. చేతిలో టిఫిన్ సంచి ఉంది.

"పొద్దటి షిఫ్టు రిలీవర్ రాలే," అన్నాడు. "భువనగిరికెళ్లి రావాలె ఆయన, బస్సుల్లేవు. బ్యాచ్ నడుస్తుంటే ఇడ్సిపెట్టి ఎట్లొస్త?"

"మంట?" అంది అత్తమ్మ.

"ఏం మంట?"

"కంపెనీ అంటుకుందన్నరు."

"చౌరస్తల టైర్లు కాలవెట్టిన్రు. గదే పొగ. పోరగాళ్లు నన్ను గుడ ఆపి, జై తెలంగాణ అనిపిచ్చి పంపిన్రు. అవ్వా, ముందుగాల ఇంత అన్నం పెట్టుండ్రి."

"ఒక్క ఫోన్ చెయ్యస్తలేదారా నీకు?" అంటూనే అత్తమ్మ లేచి కంచం తీసింది. నేను వడ్డించాను.

ఆ సాయంత్రం ఆయన మళ్లీ డ్యూటీకి వెళ్లాక పాప కెమెరా అడిగింది. బటన్ నొక్కింది. నొక్కుతూనే ఉంది. బిందెలు వచ్చాయి, గోంగూర కాడలు వచ్చాయి, మళ్లీ మొదటికి వచ్చింది.

"డాడీ లేడు."

"డ్యూటీకి పోయిండు నాన్నా. పొద్దుగాల వస్తడు."

"ఇండ్ల లేడు," అని కెమెరా నాకు చూపించింది. దాన్ని తిరగేసి వెనక చూసింది. గట్టిగా ఊపింది. తర్వాత ఏడుపు మొదలుపెట్టింది. చందమామను చూపించినా, అత్తమ్మ వీపు మీద వేసుకొని తిప్పినా ఆగలేదు. ఏడ్చి ఏడ్చి, కెమెరా చేతిలో ఉండగానే నిద్రపోయింది.

"తీసేసినవా?" అని అడిగింది అత్తమ్మ, మంచం మీద నుంచి.

"తీసేసిన."

"అన్నీ?"

"అన్నీ."

ఆమె కోరినదే నేను చేశాను. ఆమె ముఖంలో అది దొరికిన తృప్తి లేదు. పాప ఎక్కిళ్లు నిద్రలో కూడా ఆగలేదు. ఆమె చాలాసేపు వాటినే వింటూ కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆయనకు చెప్పాను. "మొత్తానికే తీసేసినవా నన్ను?" అని నవ్వాడు. "పోతే పోయినయి తియ్యి. నేనున్న గదా." ఉన్నాడు, నిజమే. మాట ముగిసేలోపే గోడవైపు తిరిగి నిద్రపోయాడు. తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చాను.

నేను బట్టలు నానబెడుతుంటే అత్తమ్మ పాప చెయ్యి పట్టుకొని ఆ తలుపు తోసింది. నేను ఆపబోయాను. ఆమె నోటి మీద వేలు పెట్టుకుంది, పాప కూడా అట్లాగే పెట్టుకుంది. పాపను ఆయన వీపు పక్కన కూర్చోబెట్టింది. తను కాళ్ల దగ్గర కూర్చొని ఆయన చీలమండ మీద చెయ్యి వేసింది.

"కెమెరా తే."

నేను కదలలేదు.

"ఒక్కన్ని తియ్యొద్దు," అంది, గుసగుసగా. "పక్కన మనిషుండాలె. పోయినోళ్ల పక్కన గుడ కూసొని దిగుతరు, కని ఏడ్సుకుంట దిగుతరు. మనం నవ్వుకుంట దిగుదం. గప్పుడు పండుకున్న మనిషే అయితడు."

ఈ నియమం ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. రాత్రి ఆ మంచం మీద కూర్చొని తనే తయారు చేసిందనుకుంటాను. పాప రెండు చేతులతో నోరు మూసుకొని నవ్వింది. అత్తమ్మకు కెమెరా ముందు నవ్వడం రాదు, పెదవులు బిగించి, కళ్లు పెద్దవి చేసి, నా వైపే చూసింది. నేను ఆయన బనీను లేవడం చూసి, అప్పుడు నొక్కాను. ఆ చప్పుడుకు ఆయన కాలు కదిపాడు. అత్తమ్మ చెయ్యి తీయలేదు.

తీసేసినవి మళ్లీ రాలేదు. వాన రోజు బొంత, ఆ వేళ్లు, అలాంటివి ఎన్నో నా జ్ఞాపకంలోనే ఉన్నాయి. అవి కూడా ఈ మధ్య ఒకదాంతో ఒకటి కలిసిపోతున్నాయి. రాష్ట్రం వచ్చింది. ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేచాయి. ఇది రాస్తున్న వారం కూడా ఆయనకు నైటే. పాప బడికి పోతోంది. తలుపు ఇప్పుడు తీసే ఉంటుంది, బడి నుంచి రాగానే సంచి పడేసి ఆ వీపుకు ఆనుకొని కూర్చుంటుంది, ఆయన లేవడు. ఆ రోజు తర్వాత నేను తీసిన ఏ ఫోటోలోనూ ఆయన ఒక్కడే లేడు. అత్తమ్మ ఊరికి వెళ్లి, పాప బడిలో ఉన్న పొద్దుల్లో ఇంట్లో మేమిద్దరమే ఉంటాం. అప్పుడు నా ఎడమ చెయ్యి ఆయన భుజం మీద వేసి, కుడి చేత్తో తీస్తాను. వాటిలో నా గాజుల వరకే పడతాను, ముఖం రాదు. అయినా పక్కనున్న మనిషి నవ్వుతూ ఉండాలని అత్తమ్మ అంది కాబట్టి, నవ్వే నొక్కుతాను.