షమీమ్ గంపలో రాతిపన్ను

నిన్న మ్యూజియంలో గాజుపెట్టె ముందు ఆగిపోయాను. ఖడ్గమృగం పన్ను! బేతంచెర్ల గుహల ఎర్రమట్టిలో వేల ఏళ్లు ఉండి రాయిలా మారిందట.

గుర్తుందా నేస్తం, చిన్నప్పుడు గోడలు అలకడానికి షమీమ్‌తో కలిసి ఆ మట్టినే గంపలతో తెచ్చేవాళ్ళం? ఓసారి షమీమ్ గంపలో ఇలాంటి పన్నే వచ్చింది. నా గంపలో అన్నీ గులకరాళ్ళే.

"యాడ దొరికిందే?" అని షమీమ్‌ను అడిగాను.

"ఈడనే, నువ్వు నిలబడిన కాడనే."

నా పాలపన్ను ఊడిన రోజు, దానికి బదులు షమీమ్ రాతిపన్నును దొంగిలించి, పేడలో చుట్టి మా మిద్దె మీదికి విసిరేశాను.

నిన్న రాత్రి షమీమ్‌కు మ్యూజియం పన్ను ఫొటో పంపాను. వెంటనే జవాబిచ్చింది:

"నాది ఇంతకన్నా పెద్దది. మీ మిద్దె మీద ఇంకా ఉండాదా?"

దొంగతనం బయటపడినందుకు కాదు, నిజంగానే ఆమెది పెద్దదైనందుకు ఇప్పటికీ కడుపు మండుతోంది.