మోటారు మంచం, మూడో అడుగు

నలభై నిండకపోవడాన్నే యౌవనమని నమ్మి తిరిగిన రోజులవి. నాకొక నడుము ఉందన్న సంగతే అప్పట్లో నాకు తెలియదు. కుర్చీలోంచి లేస్తూ "అమ్మా" అనేవాళ్లను చూస్తే మరీ ఇంత నాటకమా అనిపించేది. సరిగ్గా అప్పుడే మా నాయన తుంటి ఎముక విరిగింది. ప్రొద్దుటూరులో జీవితమంతా బట్టల అంగడి నడిపిన మనిషి, వేడి పెనం మీద పడుకోబెట్టినట్టు మంచంలో మెసిలేవాడు. లేపాలంటే అటొకరు, ఇటొకరు ఉండాలి. లేపినప్పుడల్లా ఒకటే మాట: "బట్టల బేలు మాదిరి ఎత్తుతాండారు కదరా నన్ను! నా అంతట నేను లేసే మంచం యాడన్నా ఉంటే సూడు. అంతవరకూ నన్ను ముట్టుకోవద్దు." మూడు రోజులు ముట్టుకోనివ్వలేదు కూడా (అమ్మ మాత్రం ఒక పూటే అంటుంది. ఆమెకు తగ్గించి చెప్పే అలవాటు).

మంచం కొనడమంటే మాటలా? మా నాయన చూసిన మొదటి అంగట్లో ఏదైనా కొన్న పాపాన పోలేదు. మూడూళ్లు తిరగాలి, సగం ధరకు అడగాలి, ఇవ్వనంటే లేచి గడప వైపు నడవాలి. "గిరాకీ లేసి మూడో అడుగు ఎయ్యకముందే పిలవనోడు అంగడి మూసుకోవాల" అన్నది ఆయన వేదం. అమ్మేటప్పుడు పిలిచేవాడు, కొనేటప్పుడు పిలిపించుకునేవాడు. చిన్నప్పుడు ఆయన అలా లేచిన ప్రతిసారీ నేను సిగ్గుతో చచ్చి ఏ చీరల బీరువా వెనకో దాక్కునేవాణ్ణి (ఒకసారి అక్కడే నిద్రపోతే, నన్ను లోపల పెట్టి అంగడికి తాళం వేసుకుపోయారు).

సరే, బాడుగ కారు మాట్లాడాం. ఎక్కించడానికి ఆరుగురు, సలహాలకు పదహారుగురు. పులివెందులలో చూసిన మంచానికి కాళ్ల దగ్గర ఒక ఇనుప పిడి ఉంది, దాన్ని తిప్పితే తల వైపు లేస్తుంది. "తిప్పేదెవురు?" అన్నాడు నాయన. "మీ కొడుకున్నాడు కదా మామా" అన్నాడు అంగడాయన. "వీడు నిద్ర లేసి వచ్చి తిప్పేదాంక నేను పైకప్పు సూస్తా ఉండాల్నా? పదరా, పోదాం." జమ్మలమడుగులో మోటారు మంచమే దొరికింది కానీ అది ఎవరో వాడినది. "ముందు దీంట్లో పండుకున్న ఆయప్ప బాగైనాడా?" అని అడిగితే, అమ్మేవాడు జవాబు కోసం ఫ్యాను వైపు చూశాడు. దారి పొడుగునా కిటికీ దించు, ఎత్తు, కాలు సర్దు, కారు ఆపు, ఎందుకాపినావు! ఆయన ఒక చోట కుదురుగా ఉండడు, ఆయన పక్కన నేనూ ఉండలేను. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనక నిలబడిపోయినప్పుడు, దిగి ఇంటికి నడిచిపోదామా అనిపించింది నాకు.

చివరికి మా ఇంటికి నాలుగు వీధుల అవతలే, రోగుల సామాన్లమ్మే ఒక అంగట్లో కనబడింది అలాంటి మంచం. రిమోట్‌లో ఒక మీట తలను లేపుతుంది, ఇంకోటి మంచాన్నే కిందికి దించి కాళ్లు నేలకు అందిస్తుంది. నాయన పడుకుని, మీట నొక్కి తనంతట తానే ఒకసారి లేచి కూర్చున్నాడు, మళ్లీ పడుకున్నాడు. ఆ ముఖంలో నెలల తర్వాత వెలుగు చూశాను. వెంటనే దాన్ని ఆర్పేసుకున్నాడు, బేరానికి అది చేటు కాబట్టి. పడుకున్న చోటి నుంచే సగం ధర అడిగాడు.

"ఒకటే రేటు పెద్దాయనా" అని అంగడాయన గోడ మీది బోర్డు చూపించాడు. "అందురికీ అంతే."

ఇక లేచి నడవాలి. నాయన చూపు గడప మీదికి, అక్కణ్ణుంచి తన చెప్పుల మీదికి వెళ్లింది. అలవాటు కొద్దీ చక్రాల కుర్చీల వెనకకు చేరిన నేను, ఆ చూపు తట్టుకోలేక బయటికొచ్చి ఆయన చంకల కింద చేతులు పెట్టబోయాను.

"ముట్టొద్దు" అన్నాడు.

మీట నొక్కాడు. మంచం గుర్రుమంది. తల లేచింది, భుజాలు లేచాయి. ఆపాటికి ఒక సిమెంటు లారీ ఘాట్ రోడ్డు ఎక్కి దిగిపోయి ఉండేది. రెండో మీట నొక్కాడు. మంచం కిందికి దిగింది, పాదాలు తడుముకుని చెప్పులు వెతుక్కున్నాయి. పక్క కమ్మీ పట్టుకుని, మునుపటి గొంతుతోనే అన్నాడు: "పదరా, పోదాం."

నాయన ఒక్క అడుగు కూడా వేయలేడని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. చక్రాల కుర్చీలమ్మే అంగడాయనకు తెలియదా? ఆయన ఒకసారి బోర్డు వైపు, ఒకసారి ఆ చెప్పుల వైపు చూశాడు.

"అదేంది పెద్దాయనా, యాడికి పోతాండావు? రా, కూచ్చో. మాట్లాడుకుందాం."

నాయన కూర్చునే ఉన్నాడు. అయినా ఎంతో దూరం నుంచి తిరిగొచ్చినట్టు ఊపిరి పీల్చుకున్నాడు. సగానికి కాదులెండి, పరుపు ధర మాత్రం వదిలేశాడు అంగడాయన. ఇంటికొచ్చాక అమ్మతో నాయన చెబుతున్నాడు: "వాడు యాపారం తెలిసినోడే! రెండో అడుగుకే పిలిచినాడు."

నేను చిన్నప్పటిలాగే బీరువా వెనక్కి వెళ్లాను. ఈసారి సిగ్గుతో కాదు.

నాయన పోయి కొన్నేళ్లయింది. మంచం నా వాటాకొచ్చింది, దానికి తగ్గ నడుమూ వచ్చింది. పొద్దున్నే మీట నొక్కి, గుర్రుమంటూ లేచి, చెప్పుల్లో కాళ్లు పెట్టి, "పదరా, పోదాం" అని నాకు నేనే చెప్పుకుంటాను. ఒక అడుగు వేసి కాస్త ఆగుతాను. రెండోది వేసేలోపల వంటింట్లోంచి మా ఇంటామె పిలుస్తుంది: "లేసినావా? రా, కాఫీ ఆరిపోతాంది."

వ్యాపారం తెలిసిన మనిషి.